పాత కారులో చల్లదనము: పని నేర్చుకొనువాడు ముందుగా తెలిసికొనవలసినది

అంబాసిడరు కారు నెరుగని గ్రామము మన రాష్ట్రములో లేదనవచ్చును. పెండ్లికుమారుని విడిదికి చేర్చినది అదే. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన ఇల్లాలిని పట్టణపు ఆసుపత్రికి కొనిపోయినది అదే. ఎన్నికల దినములలో నెత్తిన మైకు కట్టుకొని ఊరూర తిరిగినదియు అదే. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారములో 2014 మే నెలలో దీని తయారీ నిలిచిపోయినది. అయినను మండల కేంద్రములలో రోడ్డు ప్రక్కనుండు షెడ్లకు ఈ కారులు నేటికిని వచ్చుచునే యున్నవి. తండ్రి కొన్న కారును అమ్ముటకు మనసొప్పని వారు కొందరు. ముస్తాబు చేసి పెండ్లిండ్లకు బాడుగకిచ్చు వారు మరికొందరు.

ఇట్టి కారు యజమానుడు వేసవిలో షెడ్డుకు వచ్చి, పని నేర్చుకొనుచున్న కుర్రవానిని పిలిచి చెప్పు మాట ఒక్కటే: “ఏమోయ్, ఏసీ చల్లగా రావటంలేదు. కాస్త గ్యాసు పట్టించు.” కుర్రవాడు “అలాగేనండీ” అని సిలిండరు తెచ్చును. అర్ధగంటలో కారు చల్లబడును. యజమానుడు సంతోషముతో పోవును. మరుసటి సంవత్సరము, ఒక్కొక్కప్పుడు మరుసటి నెలలోనే, మరల వచ్చును.

ఈ వ్యవహారములోని తప్పు ఏమనగా, గ్యాసు పెట్రోలు వలె ఖర్చయిపోవు పదార్థము కాదు. అది మూసిన గొట్టములలో తిరుగుచు, ఎన్నేండ్లయినను తరుగక యుండవలసినది. తరిగినదనగా ఎచ్చటనో కారిపోయినదని అర్థము. కారిన చోటు కనుగొనక క్రొత్తగా నింపుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది. ఈ సంగతి మనసుకు పట్టిన కుర్రవానికి సగము విద్య వచ్చినట్లే.

మోటారు కారు మరమ్మతుతో పంచాయతీ సభ్యులకేమి పని యని కొందరనుకొనవచ్చును. షెడ్డు పెట్టుకొనుటకు అనుమతి కోరి యువకుడు వచ్చునది మీ కడకే. ఆ షెడ్డులో సిలిండరు పేలినచో ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వచ్చునదియు మీ కడకే. అచ్చట గాలిలోనికి వదలిన వాయువు చేయు కీడు ఊరి పొలిమేరతో ఆగునది కాదు. కావున ఈ పనిలో మంచి చెడ్డలు ఎట్టివో సభ్యులకు తెలిసియుండుట అవసరము.

కుండ చెప్పు పాఠము

మట్టికుండలోని నీరు ఎండకాలములో చల్లగా నుండుటకు కారణము మన పెద్దలందరు ఎరిగినదే. కుండ పైభాగమున చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని వేడిని తీసికొనిపోవును. సూదిమందు వేయుటకు ముందు స్పిరిటు పూసినప్పుడు చర్మము జివ్వుమనుట కూడ ఇందువలననే. ద్రవము ఆవిరి కావలెనన్న దానికి వేడి కావలెను. ఆ వేడిని అది ప్రక్కనున్న వస్తువు నుండి లాగుకొనును.

కారులోని శీతల యంత్రము చేయునది ఇదియే. భేదమేమనగా కుండ నుండి పోయిన ఆవిరి మరల రాదు. కారులో ఆ ఆవిరినే పట్టి, నొక్కి, చల్లార్చి, తిరిగి ద్రవముగా మార్చి, మరల మరల వాడుకొందురు. నొక్కునది కంప్రెసరు. ఇంజను త్రిప్పు బెల్టుతో ఇది తిరుగును. నొక్కినప్పుడు వేడెక్కిన వాయువు రేడియేటరు ముందుండు కండెన్సరు అను జాలిలోనికి పోయి, బయటి గాలికి తన వేడినిచ్చి ద్రవమగును. అచ్చటినుండి డ్రయ్యరు అను చిన్న డబ్బాలో దూరి, తనలోని తేమను మురికిని అచ్చట విడిచి, ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని ద్వారము గుండ కూలింగ్ కాయిల్ లోనికి చిమ్మును. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుటచే ద్రవము ఆవిరియై, కారులోని గాలి వేడిని లాగుకొనును. చాల అంబాసిడరులలో ఈ యంత్రము కర్మాగారములో పెట్టినది కాదు. తరువాత పట్టణపు దుకాణములో అమర్చినది. అట్టివానిలో కూలింగ్ కాయిల్ పెట్టె డాష్‌బోర్డు క్రింద, కూర్చున్నవారి మోకాళ్లకెదురుగా వ్రేలాడుచుండును.

పాత కారులలో తిరుగు వాయువు పేరు ఆర్-12. బయటి గాలి ఒత్తిడిలో ఇది సున్నకు దిగువ 29.8 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగిపోవును. కూలింగ్ కాయిల్‌లో దీని ఒత్తిడిని చదరపు అంగుళమునకు సుమారు 30 పౌన్లుగా నుంచినచో కాయిల్ సున్న డిగ్రీల సమీపమున నుండును. అంతకంటె చాల దిగినచో గాలిలోని తేమ కాయిల్‌పై మంచుగా గట్టి దారిని మూసివేయును. కంప్రెసరు దాటిన వైపున, మన వేసవిలో, ఒత్తిడి 150 నుండి 250 పౌన్ల వరకు పోవును. ఒకే యంత్రములో ఒక వైపు ఇంత తక్కువ, మరొక వైపు ఇంత ఎక్కువ ఒత్తిడి యుండుట క్రొత్తవానికి వింతగా తోచును. ఈ రెండు అంకెలను కలిపి చదువుటయే ఈ పనిలో నేర్పు.

మంచి వాయువనుకొన్నది

ఆర్-12 కథ కొంత చెప్పక తప్పదు. పూర్వము శీతల యంత్రములలో అమ్మోనియా, గంధక ధూమము, మిథైల్ క్లోరైడు వంటివి వాడెడివారు. అవి కారినచో మనుష్యులకు ప్రాణాపాయము. 1928లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో థామస్ మిడ్జ్‌లీ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఇంటిలో కారినను విషము కాని, నిప్పంటుకొనని వాయువులను కనుగొనిరి. ఆర్-12 అట్టిది. లోకమంతయు దానిని మెచ్చుకొన్నది. అంతకు ముందున్న వానితో పోల్చినప్పుడు ఆ మెప్పు అన్యాయము కాదు.

అయితే ఏ వస్తువుతోను కలియని దాని గుణమే ముప్పు తెచ్చినది. నేలపై చెడక, వానకు కరగక, అది ఏండ్ల తరబడి పైకి పైకి పోయి, సూర్యుని అతినీలలోహిత కిరణములను అడ్డగించు ఓజోను పొరను చేరును. అచ్చట ఎండ తీవ్రతకు విరిగి క్లోరినును విడుచును. ఒక్క క్లోరిను అణువు లక్ష వరకు ఓజోను కణములను నాశనము చేయగలదు. ఈ సంగతిని మోలినా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిరి. 1985లో అంటార్కిటికా ఖండముపై ఓజోను పొర పలుచబడినట్లు బ్రిటిష్ పరిశోధకులు చూపిరి. 1987 సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరములో దేశములు ఒప్పందము చేసికొన్నవి. మన దేశము 1992లో అందులో చేరినది. 2000 సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము ఇందుకై నియమావళి చేసినది. 2010 నాటికి ఆర్-12 తరగతి వాయువుల తయారీ సాధారణావసరములకు నిలిచిపోయినది.

ఓజోను పలుచబడినచో కంటికి శుక్లములు, చర్మమునకు క్యాన్సరు అధికమగును, పైరులకును చెరుపే. ఆర్-12కు మరొక దోషము కలదు. ఒక కిలో ఆర్-12 భూమిని వేడెక్కించుటలో పదివేల కిలోల బొగ్గుపులుసు వాయువును మించును. ఒక కారులో పట్టునది కిలోకు అటునిటుగా నుండును. అనగా గొట్టము విప్పి “తుస్సు” మనిపించిన ఆ ఒక్క నిమిషములో జరుగు నష్టము, ఆ కారు ఏండ్ల తరబడి విడుచు పొగతో సమానము. ఒప్పందము వలన ఫలము లేకపోలేదు. ఓజోను పొర 1980 నాటి స్థితికి ప్రపంచములో ఎక్కువ భాగముపై 2040 ప్రాంతమునను, అంటార్కిటికాపై 2066 ప్రాంతమునను చేరగలదని శాస్త్రజ్ఞుల అంచనా. కొట్టివేయబడిన వాయువు పాత కారుల కడుపులో ఇంకను మిగిలియుండుటచే, దానిని చేతబట్టు కుర్రవానికి ఈ లెక్కలో పాలున్నది.

గేజి తగిలించుటకు ముందు

క్రొత్తవాడు ఉత్సాహముతో మొదటనే గేజి తీయును. తీయకూడదు. చల్లదనము రాని కారులన్నింటిలో గ్యాసు తరిగియుండదు. బెల్టు వదులై జారుచుండవచ్చును. ఫ్యూజు పోయియుండవచ్చును. కంప్రెసరు ముందుండు అయస్కాంతపు క్లచ్ పట్టకపోవచ్చును. ఇంజను నడచుచుండగా మీట వేసినప్పుడు “టక్” మను చప్పుడు వినిపించినచో పట్టినట్లు, లేనిచో తీగలను పరీక్షింపవలెను. కండెన్సరు జాలి మట్టితో, పురుగులతో మూసికొనిపోయి యుండుట మన పల్లె దారులలో నిత్యము జరుగునదే. దానిని మెల్లని నీటిధారతో కడిగినంతనే చల్లదనము తిరిగి వచ్చిన కారులు కలవు. వీనికి కావలసినవి కన్ను, చెవి, చీపురుపుల్ల, నీరు.

అటుపిమ్మట కారుచోటు వెదకవలెను. గ్యాసుతో పాటు కంప్రెసరు నూనెయు గొట్టములలో తిరుగును గనుక, గ్యాసు కారు చోట నూనె మరకయు, దానిపై అంటిన దుమ్మును కనబడును. అతుకులు, గొట్టముల కొనలు, కంప్రెసరు ఇరుసు చుట్టును ముందు చూడవలెను. సైకిలు ట్యూబు పంక్చరు చూచు కుర్రవాడు తొట్టిలో బుడగలు చూచినట్లే, ఇచ్చట అనుమానమున్న చోట సబ్బు నురుగు పూసి బుడగ లేచునేమో కనిపెట్టవలెను. గ్యాసు పూర్తిగా పోయిన యంత్రములో పొడి నైట్రోజను వాయువును రెగ్యులేటరు ద్వారా సుమారు 100 పౌన్ల వరకు ఎక్కించి ఈ పరీక్ష చేయుదురు. వెల్డింగు షెడ్డులో చేతికందునది గదా యని ఆక్సిజనును వాడుట మహాపాయము. లోపలి నూనెతో కలిసి అది పేలును. ఈ ఒక్క మాటను షెడ్డు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించినను తప్పులేదు.

అంకెలు చెప్పునది, చెప్పనిది

గేజి పెట్టెకు రెండు ముఖములు, మూడు గొట్టములు ఉండును. నీలము తక్కువ ఒత్తిడి వైపునకు, ఎరుపు ఎక్కువ వైపునకు, నడిమి పసుపు గొట్టము సిలిండరుకు గాని పంపుకు గాని. ఇంజను ఆపి కొంతసేపుంచినచో రెండు ముళ్లును ఒకే అంకె చూపును. గాలి 30 డిగ్రీలున్న దినమున ఆర్-12 గల కారులో అది సుమారు 93 పౌన్లు.

ఈ అంకెను చూచి గ్యాసు నిండుగా నున్నదని క్రొత్తవాడు మోసపోవుట కలదు. వంట గ్యాసు సిలిండరును తలచుకొనుడు. పొయ్యి మంట మొదటి దినమున ఎట్లుండునో చివరి దినము వరకు దాదాపు అట్లే యుండును; తరువాత ఒక్కసారిగా తగ్గిపోవును. లోపల కొంచెము ద్రవము మిగిలియున్నంతవరకు ఒత్తిడి మారదు. అందుచే నిలిచియున్న కారులోని అంకె “కొంత యున్నది” అని మాత్రమే చెప్పును. “ఎంత యున్నది” అని చెప్పదు. ఎంతయో తెలియవలెనన్న తీసి తూచవలసినదే. తూకపు యంత్రము లేని ఏసీ షెడ్డు, తక్కెడ లేని కిరాణా కొట్టు వంటిది.

తీయుట యనగా గాలిలోనికి వదలుట కాదు. వాయువును లాగి సిలిండరులో పట్టు యంత్రము కలదు. దానిని ప్రతి షెడ్డువాడు కొనలేకపోవచ్చును. నాలుగు షెడ్లవారు కలిసి ఒకటి ఉంచుకొనుటయో, పట్టణమున అది గల దుకాణమునకు కారును పంపుటయో మేలు. పట్టిన సిలిండరును నూటికి 80 వంతులకు మించి నింపరాదు. ఎండకు లోని ద్రవము ఉబ్బి, చోటు లేనిచో సిలిండరు పగులును.

పాత కారును క్రొత్త వాయువునకు మార్చుట

ఆర్-12 దొరకనప్పుడు దాని స్థానమున ఆర్-134ఎ అను వాయువును వాడుదురు. ఇందు క్లోరిను లేదు గనుక ఓజోనుకు హాని లేదు. భూమిని వేడెక్కించు దోషము మాత్రము దీనికిని కలదు. కిలోకు వెయ్యి కిలోల బొగ్గుపులుసు వాయువును మించును. ఇట్టివానిని కూడ క్రమముగా తగ్గించుటకు 2016లో రువాండా దేశపు కిగాలీ నగరములో ఒప్పందమునకు సవరణ జరిగినది. మన దేశము 2021లో దానిని ఆమోదించినది. కాబట్టి “ఇది మంచి గ్యాసు, వదిలినా ఫరవాలేదు” అను మాట చెల్లదు.

మార్చుట యనగా ఒకటి తీసి మరొకటి పోయుట యని కొందరనుకొందురు. ఎక్కువ కంప్రెసరులు చెడునది ఇచ్చటనే. ఆర్-12తో వాడు ఖనిజపు నూనె ఆర్-134ఎలో కలియదు. కలియని నూనె గొట్టములలో, కాయిల్‌లో నిలిచిపోయి కంప్రెసరుకు తిరిగి రాదు. కంప్రెసరు ఎండి బిగిసిపోవును. కావున పాత నూనెను వీలైనంతవరకు తీసివేసి, కంప్రెసరునకు తగినట్లు ఎస్టరు నూనెనో పాగ్ నూనెనో పోయవలెను. అతుకులలోని పాత రబ్బరు వలయములను మార్చవలెను. డ్రయ్యరును తప్పక క్రొత్తది వేయవలెను. పాత రబ్బరు గొట్టములు నెర్రెలు విచ్చినచో, లోపలిపొర గల క్రొత్త గొట్టములు వేయించుటయే చివరకు చౌక. పాత ఆర్-12 యంత్రములకు గేజి తగిలించు నోళ్లు మరచుట్టు గలవి. ఆర్-134ఎకు నొక్కి తగిలించునవి. ఈ భేదము పొరపాటున కలుపకుండుటకే ఏర్పడినది. నోరు మార్చక వాయువు మార్చిన కారు తరువాతి మెకానికును మోసగించును.

తరువాత పంపుతో లోపలి గాలిని లాగివేయవలెను. ఇది గాలి కొరకే కాదు, నీటి కొరకు. పాదరసము 760 మిల్లీమీటర్లు నిలుచు మామూలు గాలి ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద మరగును. ఒత్తిడిని 25 మిల్లీమీటర్లకు దింపినచో అదే నీరు 26 డిగ్రీల వద్దనే మరగి ఆవిరియై బయటికి పోవును. అందుచే పంపును పది నిమిషములలో ఆపుట తగదు; అర్ధగంటకు తక్కువ కాకుండ, వానాకాలమున ఇంకను ఎక్కువసేపు నడపవలెను. మిగిలిన నీటిచుక్క వాల్వు ద్వారములో గడ్డకట్టి దారి మూయును; వాయువుతోను నూనెతోను కలిసి ఆమ్లమై లోహమును తినును. పంపు ఆపి, వాల్వు మూసి, ముల్లు కదలునేమో పావుగంట చూడవలెను. కదలినచో కారుట ఇంకను మిగిలియున్నది. లేదా తేమ పూర్తిగా పోలేదు. ఈ పావుగంట ఓపికలో మంచి పనివాడు తెలిసిపోవును.

ఆర్-134ఎను పూర్వపు ఆర్-12 తూకములో నూటికి 80 నుండి 90 వంతులు మాత్రమే నింపుదురు. అంతకు మించినచో చల్లదనము పెరుగదు, ఒత్తిడి పెరుగును. పాత కండెన్సరు క్రొత్త వాయువునకు కొంచెము చాలకపోవుటయు కలదు. కారు పరుగెత్తునప్పుడు చల్లగా నుండి, సంతలో నిలిచినప్పుడు వేడెక్కినచో, కండెన్సరు ముందు ఒక విద్యుత్ పంకా అమర్చుట ఉపాయము.

వంట గ్యాసు చౌకయని, చల్లదనము కూడ ఇచ్చునని, దానినే నింపు ఆలోచన ఎవరికైన తోచవచ్చును. చల్లదనమిచ్చునన్న మాట నిజమే. అయితే కూలింగ్ కాయిల్ ఎచ్చటనున్నదో పైన చెప్పియున్నాము. అది కారినచో మూసిన కారులో, కూర్చున్నవారి మోకాళ్ల వద్ద, వంట గ్యాసు చేరును. ఒక్క అగ్గిపుల్ల చాలును. ఇట్టి పనిని పంచాయతీ ఎంతమాత్రమును ఉపేక్షింపరాదు.

షెడ్డును చూడబోయినప్పుడు

అనుమతి కోరిన షెడ్డును సభ్యులు ఒకసారి స్వయముగా చూచుట మంచిది. గేజి పెట్టె అందరి కడను ఉండును. వాక్యూము పంపు, తూకపు యంత్రము, కంటి అద్దములు, చేతితొడుగులు ఉన్నవో లేవో అడుగుడు. చిమ్మిన ద్రవము కంటిలో పడినచో కన్ను గడ్డకట్టి చూపు పోవచ్చును. ఈ వాయువులు గాలికంటె బరువైనవి. కారు క్రింద పనిచేయుటకు త్రవ్విన గోతిలో నిలిచి, అందులోనున్న వానికి ఊపిరాడకుండ చేయును. నిప్పు తగిలినచో ఆర్-12 విషధూమముగా మారును. అందుచే వెల్డింగు ఒక మూలను, గ్యాసు పని గాలి తగులు వేరొక చోటను ఉండవలెను. బీడీ రెండుచోట్లను వలదు. సిలిండరు నుండి వాయువు త్వరగా దిగుటకు దానిని మంటపై కాచు అలవాటు ఎచ్చటనున్నను వెంటనే మాన్పింపవలెను. గోరువెచ్చని నీరు చాలును.

పదవ తరగతి ఉత్తీర్ణులైన యువకులకు పారిశ్రామిక శిక్షణ సంస్థలలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ పనిలో రెండేండ్ల శిక్షణ కలదు. షెడ్డులో గురువు కడ నేర్చినవాడు చేతిపనిలో తీసిపోడు గాని, ఒత్తిడికి ఉష్ణమునకు గల లెక్క అతనికి ఎవరును చెప్పియుండరు. రెండును గల యువకుడు పాత అంబాసిడరుతో ఆగిపోడు. ట్రాక్టరు క్యాబిను, పాలకేంద్రపు శీతల తొట్టి, మందుల దుకాణపు ఫ్రిజ్, అన్నియు ఒకే సూత్రముపై నడచునవే. టీకామందు నిలువయుంచు పెట్టె చెడినప్పుడు ఊరిలోనే తెలిసినవాడొకడుండుట ఎంత ఆదరువో ఆరోగ్య కేంద్రము వారు చెప్పగలరు.

పని ముగిసిన కారు బానెట్టు లోపల ఒక చీటి అంటించు ఆచారము మంచిది. నింపిన వాయువు పేరు, తూకము, పోసిన నూనె పేరు, డ్రయ్యరు మార్చిన తేది అందులో నుండవలెను. కారు ఇంటిముందు నిలిచియున్నను వారమునకొకసారి పది నిమిషములు ఏసీ వేయుమని యజమానునికి చెప్పి పంపవలెను. తిరుగని కంప్రెసరు ఇరుసు వద్ద నూనెపొర ఎండి, అచ్చటి సీలు నుండి గ్యాసు కారుట మొదలగును. ఏ చీటియు లేని కారు వచ్చినప్పుడు, లోపలనున్నది ఏ వాయువో యజమానుడు నోటితో చెప్పిన మాట నమ్మక, కలగలుపు వాయువుగనే ఎంచి, వేరు సిలిండరులోనికి తీసి, పని మొదటినుండి చేయవలెను.